పొత్తిళ్లలో మలేరియా
రెండు నుంచి ఐదు కిలోల లోపు పసికందులకు సరిపడే మలేరియా మందుకు 2025 జులైలో స్విట్జర్లాండ్ ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం తెలిపింది. అంతకుముందు పెద్దపిల్లల మాత్రనే కొలిచి వేయడం తప్ప గత్యంతరం లేదు. తల్లిపాలలోనూ కరిగే ఈ మందు రావడం మంచిదే, కానీ రంపచోడవరం, మారేడుమిల్లి మన్యంలో మందు కంటే ముందు రావలసింది అనుమానం. తల్లి రక్తం నుంచి సోకిన మలేరియా తరచు కాన్పయిన రెండు మూడు వారాలకు గానీ బయటపడదు. ఒళ్లు కాలుతూ, పాలు పట్టక, తెల్లగా పాలిపోయిన బిడ్డను చూడగానే రక్తంలో ఇన్‌ఫెక్షన్ అంటూ యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. పొత్తిళ్లలో బిడ్డకు మలేరియా ఏమిటని మడమ నుంచి చుక్క నెత్తురు తీసి స్లయిడు చూడరు. మన పిఠాపురానికి ఇది కొండల మీది గొడవగా తోచవచ్చు. కానీ ప్రాణం మీదికొస్తే ఘాట్ దిగిన మన్యం తల్లులు చేరేది మన పక్కనున్న కాకినాడ పెద్దాసుపత్రికే. గర్భిణికి జ్వరమున్నా లేకున్నా ప్రతి తనిఖీలో మలేరియా పరీక్ష చేయాలి, ఫలితం తల్లీబిడ్డల కార్డు మీద రాయాలి, మలేరియా తేలిన తల్లి బిడ్డను నెల నిండేదాకా ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాలి. కొత్త మందును తెప్పించి వానలకు ముందే మన్యం పీహెచ్‌సీలకు చేర్చవలసిన బాధ్యత ఆరోగ్యశాఖది.