నీరు, పచ్చిక, నిప్పు: సౌర క్షేత్రాలకు విచారణ ఎందుకు వద్దంటున్నారు?

పట్టణంలో 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం గల భవనం కట్టాలంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ముందస్తు అనుమతి కావాలి. కర్నూలు సీమలో గని, శకునాల గ్రామాల నడుమ సుమారు 5,900 ఎకరాలను కంచె వేసి, 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు నిర్మించడానికి మాత్రం ఆ నోటిఫికేషన్ అడ్డురాదు. సౌర ఫలకాల ప్రాజెక్టులు దాని పరిధిలోకి రావని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2011లోనే స్పష్టీకరించింది. 2017లో సౌర పార్కుల విషయంలోనూ అదే మాట చెప్పింది. 2016లో కాలుష్య నియంత్రణ మండలి వీటిని తెల్ల వర్గంలో చేర్చింది. తెల్ల వర్గమంటే అనుమతి అక్కరలేదు, సమాచారమిస్తే చాలునన్నమాట.

పొగ రాదు కనుక కాలుష్యం లేదు, కాలుష్యం లేదు కనుక విచారణ అక్కరలేదు. ఇదీ పాలకుల తర్కం. మొదటి మాట నిజమే. రెండో మాటలోనే మోసముంది. పర్యావరణ ప్రభావమంటే పొగగొట్టం నుంచి వచ్చేది మాత్రమేనా? వాన కురిసినప్పుడు నీరు ఏ వంకన పడి ఏ కుంటకు చేరుతుందో, ఏ దారిన మందలు మేతకు వెళతాయో, ఏ రాళ్ళ కింద ఎవరి పూర్వీకులు నిద్రిస్తున్నారో, ఇవన్నీ ఆ మాటలోకి రావా? వేల ఎకరాలను యంత్రాలతో చదును చేసి, పొదలు పెరికి, నలువైపులా కంచె బిగించే పనిని ‘ప్రభావం లేనిది’ అనడానికి తెలివికన్నా తెగింపు ఎక్కువ కావాలి.

సౌర విద్యుత్తు వద్దని ఈ వ్యాసం చెప్పడం లేదు. బొగ్గు పొగ కూడా పేదల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అనంతపురంలో సగటు వర్షపాతం ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు. వాతావరణం మరింత కనికరం తప్పితే మొదట వలసపోయేది మనమే. 2024 మార్చిలో బట్టమేక పిట్ట కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణను రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. (ఆ పిట్టకు ఒకప్పుడు మన రోళ్ళపాడు నెలవు.) ఒక పిట్ట కోసం దేశ అత్యున్నత న్యాయస్థానం విద్యుత్ తీగల దారిని ఏళ్ళ తరబడి పరిశీలించింది. అది సబబే. ఆ తీగల కింద బతికే మనిషి సంగతిని ఊరి స్థాయిలోనైనా ఒక్క రోజు పరిశీలించమని అడగడం అభివృద్ధికి అడ్డుపడటమెలా అవుతుంది?

అసలు ఈ భూములు ఎవరివి? అధికారుల జవాబు ఒక్కటే: బంజరు. రాయలసీమలో బంజరని రాసిన చోట ఆరుతడి పంటలు పండించేవారున్నారు. డి-పట్టా మీద సాగు చేసేవారున్నారు. పట్టా చేతికి రాకుండానే రెండు తరాలుగా దున్నుకుంటున్నవారూ ఉన్నారు. గొర్రెలు మేపేది ఎక్కువగా కురుబలు, గొల్లలు. ఆ జీవాలను సంతలో కొని పట్టణాలకు నడిపేవారిలో, మాంసం, తోలు వ్యాపారాల్లో మనవారు ఎందరో. బక్రీద్ నాటి ఖుర్బానీ జీవం ఈ బీళ్ళ మీదే పెరుగుతుంది. బీడు పోతే కాపరికి మేత పోతుంది, వెంటనే వ్యాపారికి బేరం పోతుంది. ముస్లింలలో వ్యవసాయదారుల వాటా తక్కువనీ, చిన్న వ్యాపారాలు, స్వయం ఉపాధి మీద ఆధారపడటం ఎక్కువనీ 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. పరిహారం చెల్లించేది భూయజమానికి. ఆ భూమి మీద ఆధారపడిన వ్యాపారి, కసాయి, కూలీ, దూదేకుల కౌలుదారు ఏ జాబితాలోనూ ఉండరు.

పొరుగున కర్ణాటకలోని పావగడ చూడండి. తెలుగు మాటలు వినిపించే తాలూకా అది. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు వెలసింది. భూమిని కొనకుండా కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏటా 21,000 రూపాయలు. సొంత పొలమున్నవారికి కరువు సీమలో అది చిన్న మొత్తం కాదు, కాదనడం అన్యాయం. ఆ పొలాల్లో కలుపు తీసి, కోత కోసి బతికిన భూమిలేని కూలీకి మాత్రం ఆ ఒప్పందంలో చోటే లేదు. కౌలు ఒప్పందం కనుక 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా కూడా వర్తించదు. ఆ చట్టాన్ని కూడా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2018లో సవరించి, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించుకున్నాయి. ఒక తలుపు ఢిల్లీ మూసింది, రెండోది మన రాజధానులు మూశాయి.

మన మిల్లత్ ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం ఇక్కడే ఉంది. ఊరి చివర ఖబరస్తాన్, గుట్ట మీద ఈద్గాహ్, చెట్టు కింద పేరు లేని దర్గా: వీటిలో ఎన్నింటిని అడంగల్‌లో ‘సర్కారు పోరంబోకు’ అని రాశారో ముతవల్లీలకు తెలుసు. సౌర పార్కులకు అధికారులు మొదట వెతికేదీ ఆ పోరంబోకునే. ఇదివరకు తరతరాల వాడుకే వక్ఫ్‌కు రుజువుగా నిలిచేది. 2025 సవరణ చట్టం ‘వినియోగం ద్వారా వక్ఫ్’ను ఇకమీదట తొలగించింది; ముందే నమోదైనవాటికి రక్షణ ఇచ్చినా, వివాదంలో ఉన్నవాటిని, ప్రభుత్వ భూమిగా చెప్పేవాటిని ఆ రక్షణకు వెలుపల ఉంచింది. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు, ఈ ఆస్తుల విషయంలో ప్రభుత్వ అధికారికిచ్చిన నిర్ణయాధికారాన్ని నిలిపివేసింది కాని, ఈ తొలగింపును నిలపలేదు. కాగితం లేని ఖబరస్తాన్ మీదికి ఒకవైపు నుంచి ఈ చట్టం, మరోవైపు నుంచి అంచనా అక్కరలేని ప్రాజెక్టు వస్తున్నాయి. సక్రమమైన ప్రభావ అంచనా ఉంటే, కంచె వేయకముందే ఆ స్థలం పటంలో నమోదవుతుంది. కనీసం 30 రోజుల ముందు నోటీసిచ్చి, స్థానిక భాషలో సారాంశం ప్రచురించి, బహిరంగ విచారణ జరపాలని 2006 నోటిఫికేషనే చెబుతోంది. ఊరివాడు లేచి ‘అయ్యా, అక్కడ మా తాతల సమాధులున్నాయి’ అని చెప్పి, ఆ మాట రికార్డులో చేరేలా చూసుకునే ఒకే ఒక్క వేదిక అది. దాన్నే మనకు లేకుండా చేశారు.

ఉమ్మడి భూముల గురించి 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఊరి చెరువులు, మేతబీళ్ళు, శ్మశానాలు సముదాయం సొత్తు, ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు పేదవాడి గుడిసె తీయించడానికి జ్ఞాపకం వస్తుంది, పార్కు కంచె వేసేటప్పుడు మరుపుకు వస్తుంది.

విచారణ పెడితే ప్రాజెక్టులు ఆలస్యమవుతాయని వాదిస్తారు. మధ్యప్రదేశ్‌లోని రీవా పార్కుకు ప్రపంచ బ్యాంకు తోడ్పాటు ఉంది. పర్యావరణ, సామాజిక అంచనాలు లేనిదే ఆ బ్యాంకు డబ్బివ్వదు. అయినా 750 మెగావాట్ల రీవా నిలిచింది, చవక కరెంటుకు పేరుపడింది కూడా. అప్పిచ్చేవాడు అడిగితే ఇచ్చే నివేదిక, భూమి ఇచ్చేవాడు అడిగితే ఎందుకివ్వరు?

ఫలకాల జీవితకాలం పాతికేళ్ళ చిల్లర. ఆ తరువాత? 2022 ఈ-వ్యర్థాల నియమాలు సౌర ఫలకాలనూ చేర్చుకున్నాయి కాని, 2034-35 వరకు వచ్చే వ్యర్థాన్ని భద్రపరచి ఉంచమనడంతో ప్రస్తుతానికి సరిపెట్టాయి. కొన్నింటిలో సీసం, మరికొన్నింటిలో కాడ్మియం ఉంటాయి. భద్రత తప్పిన సరుకు చివరికి ఏ గల్లీకి చేరుతుందో మనకు వేరే చెప్పాలా? ఢిల్లీ సీలంపూర్‌లో కంప్యూటర్ల వ్యర్థాన్ని వట్టి చేతులతో విప్పుతున్నది ఎవరి పిల్లలు? మన పట్టణాల్లో పాత సామాన్ల దుకాణాలు ఎవరివి?

2024 సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 78.5 గిగావాట్ల సౌర విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. మెగావాటుకు ఐదెకరాల చొప్పున లెక్కవేసినా అది దాదాపు 4 లక్షల ఎకరాలు. అందులో సగమే సాధ్యమైనా, రాయలసీమలో కంచె చూడని మండలం మిగులుతుందా?

నీరు, పచ్చిక, నిప్పు: ఈ మూడింటిలో జనులందరూ భాగస్వాములని ప్రవక్త (స) బోధించారు. సౌర పార్కు ఈ మూడింటినీ ఒకేసారి తాకుతుంది. ఫలకాలు కడగడానికి భూగర్భజలం, కంచె లోపల పచ్చిక, తీగల్లో నిప్పు. మనం కోరేది ఆ భాగస్వామ్యపు లెక్క. నిర్ణీత విస్తీర్ణం దాటిన ప్రతి సౌర పార్కునూ 2006 నోటిఫికేషన్ పరిధిలోకి తేవాలి. కడగడానికి నీరు ఏ బోరు నుంచో ముందే తేల్చాలి. ఫలకాలు తొలగించే ఖర్చును కంపెనీ చేత ముందే డిపాజిట్ చేయించాలి. పట్టా లేని సాగుదారును, కాపరిని, సంత వ్యాపారిని నష్టపోయేవారి జాబితాలో చేర్చాలి.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. ప్రతి ఊరి మసీదు కమిటీ తన ఖబరస్తాన్, ఈద్గాహ్, దర్గాల సర్వే నంబర్లు, హద్దులు, ఫొటోలు, పెద్దల సంతకాలు ఒక దరఖాస్తుగా కూర్చి తహసీల్దారుకు, గ్రామ పంచాయతీకి, వక్ఫ్ బోర్డుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కాపరుల సంఘాన్నీ, దళిత వాడనూ కలుపుకుని గ్రామసభలో తీర్మానం చేయించాలి. సర్వే గొలుసు పొలంలో పడకముందే ఆ తీర్మానం ప్రతి కలెక్టరేట్‌లో నమోదై ఉండాలి.