పింఛను ఇంటికొచ్చింది.. పడక పుండును చూసేదెవరు?

పూర్తిగా మంచానికే పరిమితమైన దివ్యాంగుల పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు రూ.5 వేల నుంచి రూ.15 వేలకు పెంచింది. 2025 ఆరంభంలో అర్హత తేల్చడానికి వైద్య బృందాలు వారి ఇళ్లకే వెళ్లాయి. డాక్టరు మంచం దాకా వెళ్లగలరని దీంతో తేలింది. అయితే అక్కడ వైకల్యంతో పాటు చూడాల్సింది ఇంకొకటి ఉంది. రోగిని పక్కకు తిప్పి నడుము కింది భాగం, తుంట్లు, మడమలు చూడాలి. పక్షవాతం వచ్చినా, వెన్నుపాము దెబ్బతిన్నా బతికి బయటపడినవారిని పడక పుండు బలి తీసుకోవచ్చు.

ఎందుకంత ప్రమాదం?

ఎముకకు, పరుపుకు మధ్య గంటల తరబడి నలిగిన చోట రక్తం అందక కండ చచ్చిపోతుంది. పైకి రూపాయి బిళ్లంత కనిపించే పుండు లోపల అరచేయంత గుల్లగా ఉండొచ్చు. మలమూత్రాల తడి తగిలితే క్రిములు చేరతాయి. అవి రక్తంలోకి పాకితే సెప్సిస్. ఎముకకు పడితే వారాల తరబడి యాంటీబయాటిక్స్, కొందరికి ఆపరేషన్ తప్పవు. మధుమేహం ఉంటే ముప్పు మరీ ఎక్కువ. డబ్బుకు, వైద్యానికి కొదవలేని ‘సూపర్‌మ్యాన్’ నటుడు క్రిస్టఫర్ రీవ్ సైతం 2004లో పడక పుండు ఇన్ఫెక్షన్‌కు చికిత్స పొందుతుండగానే గుండె ఆగి చనిపోయారు.

ఆలస్యం ఎక్కడ?

స్పర్శ లేనివారికి నొప్పి తెలియదు. వృద్ధుల్లో జ్వరం కూడా రాకపోవచ్చు. వాసన వచ్చాక గానీ ఇంట్లోవాళ్లు గమనించరు. అప్పుడైనా మందుల షాపులో మాత్రలు కొని వేస్తారు. పుండు మీద క్రిములు ఎప్పుడూ ఉంటాయి, ప్రతి పుండుకూ యాంటీబయాటిక్ అక్కర్లేదు. చచ్చిన కండ తీయించకుండా మాత్రలే మింగిస్తే క్రిములు మొండికేస్తాయి.

ఇంట్లో ఏం చేయాలి?

* రెండు గంటలకోసారి పక్క మార్చాలి. ఎయిర్‌బెడ్ ఉన్నా ఇది తప్పదు.
* రోజూ వీపు, మడమలు చూడాలి. నొక్కినా పోని ఎరుపే తొలి హెచ్చరిక. అక్కడ మర్దన చేయొద్దు.
* పుండులో పసుపు, పొడులు చల్లొద్దు.
* సంగటి, గంజితో సరిపెట్టకుండా గుడ్డు, పప్పు, పెరుగు, చెనిక్కాయలు పెట్టాలి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడగాలి.
* చలిజ్వరం, మగత, పొంతన లేని మాటలు, మూత్రం తగ్గడం, పుండు చుట్టూ ఎరుపు పాకడం, ఎముక కనిపించడం.. వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మార్గం పక్కనే ఉంది

1954లో ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే వైద్యం చేశారు. చిత్తూరుకు గంట దూరంలోని వేలూరు సీఎంసీలో 1966లోనే పునరావాస కేంద్రం మొదలైంది. ఇలాంటి రోగుల పునరావాసంలో చర్మాన్ని కాపాడుకోవడం తొలి పాఠాల్లో ఒకటి. మన దగ్గర రోగిని డిశ్చార్జి చేసే రోజే కుటుంబానికి పక్క మార్చడం చేసి చూపించాలి. ఊళ్లకు వెళ్లే 104 బృందాలు, ఏఎన్‌ఎంలు బీపీ, షుగర్‌తో పాటు మంచాన ఉన్నవారి వీపునూ చూసి రాయాలి. పింఛను వచ్చే ఇల్లయినా, జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ఇల్లయినా, పక్క మార్చే చేతులు లేకపోతే ఆ డబ్బు చివరికి ఆసుపత్రి బిల్లుకే పోతుంది.