ప్రయాణం మానుకున్న గడియారం

గోడగడియారాన్ని చంకన పెట్టుకుని ఊరికి బయలుదేరితే ఏమవుతుంది? లోలకం తడబడి గడియారం ఆగిపోతుంది. గుర్రపుబళ్ళలో రోజుల తరబడి ప్రయాణించిన ఫ్రెంచివారికి ఈ చిక్కు బాగా తెలుసు. అందుకే లోలకానికి బదులు చేతిగడియారంలో వుండేలాంటి బాలెన్సు చక్రం పెట్టి, నెత్తిన ఒక పిడి అమర్చి, ప్రయాణపు గడియారం తయారుచేశారు. 1798లో ఈజిప్టు దండయాత్రకు బయలుదేరబోతూ నెపోలియన్ ప్యారిస్‌లో బ్రెగే అనే నిపుణుడి దగ్గర ఇలాంటిదొకటి కొన్నాడు.

1830 తర్వాత పాల్ గార్నియే దీని నిర్మాణాన్ని సులువు చేయడంతో కలిగిన కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చింది. నార్మండీలో దియెప్ రేవుకు దగ్గరగా వున్న సాన్ నికొలా దాలియెర్మోన్ అనే ఊళ్ళో యంత్రభాగాలు చేసేవారు. వాటిలో చాలావాటికి ప్యారిస్‌లో తుదిమెరుగులు దిద్దేవారు. సాధారణంగా జానెడు ఎత్తుకు మించని ఇత్తడి పెట్టె; చుట్టూ నాలుగు అద్దాలు, పైన ఒకటి. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. కొన్నిటికి పైన చిన్న మీట వుంటుంది. అర్ధరాత్రి దీపం వెలిగించే పని లేకుండా మీట నొక్కితే చాలు, అంతకుముందు కొట్టిన గంటలే మళ్ళీ కొట్టి వేళ చెబుతుంది!

పోనుపోను అలంకారం మీద మోజు పెరిగింది. పక్క అద్దాల స్థానంలో పింగాణీ పలకలు వచ్చాయి. వాటి నిండా ప్రేమికుల జంటలు, రెక్కల పసిబాలురు, పూలగుత్తులు. రంగులు వేసి పలకను బట్టీలో కాల్చాలి. వేడి కాస్త ఎక్కువైతే పడ్డ శ్రమంతా బూడిదే. అంత కష్టపడి చేసిన పలకను కుదుపుల బండిలో ఎవరు వేస్తారు? పిడి పిడిగానే వుంది గాని, గడియారం చలిమంట గూటి మీద స్థిరపడింది. పట్టుచీర కట్టగానే గడప దాటడం మానేసిందన్నమాట!

ఇప్పుడు వీటిని పాతవస్తువుల వేలంపాటల్లో కొంటున్నారు. కొనేవారికి రెండు మాటలు. ‘సెవ్ర్ తీరు’ అన్నంత మాత్రాన ఆ పలక సెవ్ర్‌లోని రాచ కర్మాగారంలో పుట్టినదని కాదు. మామూలు గడియారానికి తర్వాత పలకలు బిగించి అమ్మినవీ వున్నాయి. వెంట్రుకంత బీట కూడా ధర తగ్గిస్తుంది. అద్దాల గడియారం లోపలి చక్రాలను చూపిస్తుంది. పింగాణీ వాటిని దాచేస్తుంది. కనుక వెనక తలుపు తీసి చూడండి, ఒక పూట నడిపించి చూడండి. బొమ్మ ఎంత ముద్దుగా వున్నా, వేళ చెప్పలేనిది బొమ్మే గాని గడియారం కాదు.