శాస్త్రంలో ఉందా? మనమే చూద్దాం

రెండేళ్ల క్రితం ఒక వక్తృత్వ పోటీలో మా హాస్టల్ తరఫున మాలో ఒకరు లేచి "మనుస్మృతిలో ఇలా ఉంది" అని ఒక వాక్యం చదివాడు. ఎన్నో అధ్యాయం, ఎన్నో శ్లోకం అని న్యాయనిర్ణేత అడిగారు. సెల్‌ఫోన్‌కు వచ్చిన మెసేజ్ తప్ప మా దగ్గర ఏమీ లేదు. హాలంతా నవ్వింది.

ఆ రాత్రే వెతికాము. జార్జ్ బ్యూలర్ 1886లో ప్రచురించిన ఇంగ్లీషు అనువాదం ఇంటర్నెట్‌లో సేక్రెడ్ టెక్స్ట్స్ అనే చోట ఉచితంగా ఉంది. మేము చదివిన వాక్యం అందులో దొరకలేదు. కానీ పదో అధ్యాయం 129వ శ్లోకం దొరికింది. శక్తి ఉన్నా శూద్రుడు ధనం కూడబెట్టరాదని దాని భావం. స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతా తెరిచిన మాకు ఇంతకంటే ఏం కావాలి? ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకెళ్లాము.

అవతలి వాళ్లూ మనలాంటివాళ్లే. శాస్త్రాల్లో కులం లేదనడానికి సత్యకాముడి కథ చెబుతారు. ఛాందోగ్యోపనిషత్తు నాలుగో అధ్యాయం, నాలుగో ఖండం. గోత్రమేమిటో తెలియదని తల్లి జబాల చెప్పిన మాటనే ఆ పిల్లవాడు గురువు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాడు, గురువు శిష్యుడిగా చేర్చుకున్నాడు. ఇక్కడితో ఆపేస్తారు. బ్రాహ్మణుడు కానివాడు ఇలా చెప్పలేడని అదే చోట గురువు అంటాడు. నిజం చెప్పినవాడే బ్రాహ్మణుడనా, నిజం బ్రాహ్మణుడికే చేతనవుననా? మా గదిలో రెండు రాత్రులు వాదించుకున్నాము. ఇంకా తేలలేదు.

మా అవ్వలు ఈ కథలన్నీ చిందు భాగవతంలో చూసి నేర్చుకున్నవాళ్లే. పుస్తకం మాత్రం వాళ్ల చేతికి రాలేదు. వేదం విన్న శూద్రుడి చెవుల్లో తగరమో లక్కో కరిగించి పోయాలని గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయంలో ఉంది. బడిలో సంస్కృతం చదవనివ్వనందున అంబేద్కర్ పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. అయినా అనువాదాలు పదిహేనేళ్లు చదివి 1946లో శూద్రుల గురించి పుస్తకం రాశారు, ఆ సంగతి ముందుమాటలో ఆయనే చెప్పుకున్నారు. మనకు ఆ అనువాదాలు జేబులోనే ఉన్నాయి. మనం వాటిలో చూసేది మాత్రం సినిమా పాటలు!

తెలుగువారికి ఇబ్బందులు లేకపోలేదు. కాన్పూర్ ఐఐటీ వారి గీతా సూపర్‌సైట్‌లో శ్లోకాలు తెలుగు లిపిలో చదువుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వావిళ్ల వారి పాత ముద్రణలున్నాయి, కానీ అవి పేజీల ఫోటోలు. కావలసిన మాట కొట్టి వెతుకుదామంటే చాలాసార్లు దొరకదు, వేలితో పేజీలు తిప్పుకోవాల్సిందే. పైగా గ్రాంథిక భాష. బ్యూలర్ ఇంగ్లీషు కూడా నిఘంటువు లేకుండా నడవదు. ఒక అనువాదాన్నే నమ్మకుండా రెండు పక్కపక్కన పెట్టి చూడటం మేము ఆలస్యంగా నేర్చుకున్నాము.

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు ఏటా గోడ గడియారాలు, స్టీలు గ్లాసులు ఇస్తున్నారు. సంతోషమే. ఈసారి ఒక ప్రింటర్ ఇప్పించండి. ఛాందోగ్యంలోని ఆ నాలుగో ఖండాన్ని చేత్తో రాసి స్టడీ హాలు బీరువాలో పెట్టాము. తాళంచెవి వార్డెన్ సార్ దగ్గరుంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోండి.