చల్లని ధూళిని లెక్కలోంచి వదలం

వారాంతాల్లో టెలిస్కోపు మోసుకెళ్లి జనానికి ఆకాశం చూపించేవాళ్లం మేము. ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అని రాసుకుందామని కూర్చుంటే వాదనంతా ధూళి దగ్గరే ఆగింది. తేలినవి ఇవి.

ఎన్‌జీసీ 891 ఫొటోలో నడిమధ్యన సాగే నల్లచారను ఖాళీ అనం. మనకు అంచువైపు నుంచి కనబడే సర్పిల గెలాక్సీ అది. చార వెనక నక్షత్రాలు బోలెడున్నాయి, ధూళి కప్పేసింది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో పదివేల వంతు ఉంటుందేమో, అంతే. పొగ లాంటిదన్నమాట.

ఉష్ణోగ్రత ఊసెత్తకుండా ధూళి ఎంతుందో చెప్పం. ఈ మాట మీద మాకు పట్టుదల ఎక్కువ. 1983లో ఎగిరిన ఐరాస్ ఉపగ్రహం 100 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దాకానే చూడగలిగింది. మైనస్ 253 డిగ్రీల దగ్గరుండే ధూళి వెలిగేదేమో 150 మైక్రాన్ల చుట్టుపక్కల, ఆపైన. దాంతో ఐరాస్ లెక్కల్లో సర్పిల గెలాక్సీల ధూళి, వాయువుతో పోల్చి చూస్తే, మన పాలపుంతలో ఉన్నదానికి పదో వంతే తేలింది. పొయ్యి మీదున్న గిన్నెలు లెక్కపెట్టి ఇంట్లో పాత్రలన్నీ ఇవేనన్నట్టు! హవాయిలోని మౌనా కియా మీద స్కూబా కెమెరా 850 మైక్రాన్లలో చూశాక, 2009లో మూడున్నర మీటర్ల అద్దంతో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు వెళ్లాక అలమరలోని గిన్నెలూ బయటపడ్డాయి.

వెలుగు పటాన్ని ధూళి పటమని చూపించం. గెలాక్సీ నడిమిన నక్షత్రాలు కిక్కిరిసి ఉంటాయి, అక్కడి ధూళి కొంచెమున్నా కాగి మెరుస్తుంది. అంచులకు పోయేకొద్దీ చల్లబడుతుంది, ఉన్నా కనబడదు. ఆండ్రోమెడా గెలాక్సీలో ధూళి దట్టంగా ఉన్నది కేంద్రంలో కాదు, అక్కణ్ణుంచి సుమారు 33 వేల కాంతి సంవత్సరాల దూరంలోని వలయంలో. అంచువైపు నుంచి కనబడే కొన్ని గెలాక్సీల్ని కొలిస్తే ధూళి పళ్లెం నక్షత్రాల పళ్లెం కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వెడల్పు, మందం మాత్రం సగమే.

వాయువు బరువును వందతో భాగించి ధూళి ఇంత అనేయడం మానేస్తాం. ఆండ్రోమెడాలోనే లోపలి నుంచి బయటికి ఆ నిష్పత్తి మారిపోతోంది.

హీలియం అయిపోయి 2013లో హెర్షెల్ ఆగిపోయింది. అది తీసిన పటాలనే మా బల్ల పక్కన అతికిస్తాం. ఆ రంగులు మనుషులు వేసినవని కింద పెద్దక్షరాలతో రాసి మరీ.