ఇంజను మారింది సరే, ఆర్.సి. మారిందా?

పాత పెట్రోలు బండ్లకు డీజిలు ఇంజన్లు: లాభమెంత, చిక్కులెన్ని?

పెట్రోలు బంకు దగ్గర బిల్లు చూసి నిట్టూర్చని బండి యజమాని మన జిల్లాలో ఉండడు. పాత పెట్రోలు జీపో, అంబాసిడర్ కారో ఉన్నవారి పాట్లు మరీ ఎక్కువ. లీటరుకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు వస్తే గొప్ప. అమ్ముదామంటే పాత ఇనుము ధరకు అడుగుతారు. ఉంచుకుందామంటే ఏనుగును మేపినట్లే. అయినా ఎరువుల బస్తాలు తేవాలన్నా, చెరువుకు చేపల మేత తోలాలన్నా, అర్ధరాత్రి కాన్పు మనిషిని ఆసుపత్రికి చేర్చాలన్నా ఆ బండే దిక్కు. ఈ స్థితిలో యజమానికి తట్టే ఉపాయం ఒక్కటే: బండిని అలాగే ఉంచి, పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించడం.

ఉపాయం మంచిదే. కాని దీనిలో రెండు లెక్కలున్నాయి. ఒకటి డబ్బు లెక్క, రెండోది చట్టం లెక్క. మొదటిది చూసి రెండోది మరచినవారు బండి ఉండీ వాడుకోలేని స్థితికి వచ్చే ప్రమాదముంది.

ఇది ఈనాటి ఆలోచన కాదు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు సరఫరాకు అడ్డుకట్ట వేశాయి. మూడు నెలలు తిరిగేసరికి ముడి చమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఆనాటి జీపులు విల్లీస్ కాలం నుంచి వస్తున్న 2.2 లీటర్ల పెట్రోలు ఇంజనుతో నడిచేవి. బలమైన ఇంజనే కాని తిండి ఎక్కువ. దాంతో డీజిలు ఇంజన్ల వేట మొదలైంది. మద్రాసులో సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ ఇంజన్లు, ట్రాక్టరు ఇంజన్లు, తరువాత కాలంలో మెటాడోర్ వ్యాను ఇంజన్లు జీపుల్లోకి, కార్లలోకి చేరాయి. కంపెనీలు కూడా గాలివాటం గమనించాయి. 1979లో మహీంద్రా కంపెనీ ఫ్రాన్సుకు చెందిన పూజో డీజిలు ఇంజన్ల తయారీకి లైసెన్సు తీసుకుంది. 1980 ప్రాంతానికి అంబాసిడర్ కూడా డీజిలు ఇంజనుతో వచ్చింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను దించి ఎక్కించే పనివారి చేతివాటం మన ప్రాంతమంతటికీ తెలిసిందే. పనితనానికి కొదవ లేదు. మారింది కాలం, మారింది చట్టం.

డీజిలు ఎందుకు తక్కువ తాగుతుంది?

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం ప్లగ్గు నిప్పురవ్వతో అంటుకుంటుంది. పాత ఇంజన్లలో ఆ మిశ్రమాన్ని ఏడు, ఎనిమిది రెట్లకు మించి నొక్కరు. డీజిలు ఇంజనులో గాలిని ఒక్కదాన్నే పదహారు నుంచి ఇరవై రెండు రెట్ల వరకు నొక్కుతారు. ఆ ఒత్తిడికి కాగిన గాలిలో డీజిలు చిమ్మగానే దానంతటదే మండుతుంది. ఎంత ఎక్కువ నొక్కితే చమురులోని శక్తి అంత ఎక్కువగా చక్రానికి చేరుతుంది. పైగా లీటరు డీజిలులో లీటరు పెట్రోలులో కంటే నూటికి పది పైచిలుకు శక్తి ఎక్కువ. అందువల్ల తొమ్మిది కిలోమీటర్లు ఇచ్చిన బండి పదమూడు ఇచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

రూపాయల్లో చూస్తే

లీటరు పెట్రోలు 108 రూపాయలు, డీజిలు 96 రూపాయలు అనుకుందాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే జీపు పెట్రోలుతో తొమ్మిది చొప్పున ఇస్తే ఖర్చు 12,000 రూపాయలు. డీజిలుతో పదమూడు చొప్పున ఇస్తే సుమారు 7,400. అంటే నెలకు 4,600 రూపాయల మిగులు. ఇంజను, కూలి, ఇతర సామాను కలిపి లక్షా ఇరవై వేలు అయిందనుకుంటే రెండేళ్ల రెండు నెలల్లో పెట్టుబడి తిరిగి వస్తుంది.

అదే జీపు నెలకు 300 కిలోమీటర్లే తిరిగితే మిగులు 1,400 రూపాయలకు మించదు. పెట్టుబడి తిరిగి రావడానికి ఏడేళ్లు పైన పడుతుంది. అప్పు తెచ్చి చేయిస్తే వడ్డీ దీనికి అదనం. ఏడేళ్లు ఆ పాత బాడీ, పాత ఛాసిస్ నిలుస్తాయా అన్నది యజమాని తనను తాను వేసుకోవలసిన ప్రశ్న. సంతకు, పెళ్ళికి తప్ప బయటకు తీయని బండికి ఇంజను మార్పిడి దండగ.

గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఒకప్పుడు ఈ మార్పిడి లాభంలో పెద్ద భాగం రెండు చమురుల ధరల తేడా వల్ల వచ్చింది. 2012 ప్రారంభంలో ఢిల్లీలో పెట్రోలు 65 రూపాయల పైచిలుకు ఉండగా, డీజిలు 41 రూపాయల లోపే దొరికేది. ఆ ధరల్లో పైన చెప్పిన జీపుకు ఇంధన ఖర్చులో నూటికి 57 వంతులు మిగిలేవి. 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తివేశారు. తేడా తగ్గిపోయింది. మనం అనుకున్న ధరల్లో మిగులు నూటికి 38 వంతులే. పెదనాన్న ఆనాడు మార్పించి బాగుపడ్డాడు కదా అని ఈనాడు అదే లెక్క వేసుకోవడం పొరపాటు.

లెక్కకు రాని ఖర్చులు

డీజిలు ఇంజను బరువు ఎక్కువ. ముందు కమాను పట్టీలు కుంగుతాయి, బ్రేకులు చాలవు, స్టీరింగు బరువెక్కుతుంది. ఇంజను నిలిపే మౌంటింగులు, రేడియేటరు, క్లచ్చి, బ్యాటరీ మార్చవలసి రావచ్చు. డీజిలు ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది. కాబట్టి పాత గేరుబాక్సు, వెనుక ఇరుసు పళ్ళ నిష్పత్తి దానికి పొసగకపోతే బండి నలభై దాటగానే అరుస్తుంది తప్ప ముందుకు ఉరకదు. అప్పుడు మైలేజీ కూడా ఆశించినంత రాదు.

అన్నింటికంటే ముఖ్యమైనది బ్రేకు బూస్టరు. పెట్రోలు ఇంజను గాలి పీల్చేటప్పుడు ఏర్పడే వాక్యూముతో బూస్టరు పనిచేస్తుంది. డీజిలు ఇంజనుకు అటువంటి వాక్యూము ఉండదు. వేరే పంపు అమర్చాలి. బూస్టరున్న బండికి ఈ పంపు పెట్టకుండా ఇంజను ఎక్కిస్తే బ్రేకు తొక్కినప్పుడు పెడలు రాయిలా ఉంటుంది. కాలవ గట్టు రోడ్ల మీద దీని ఫలితం ఏమిటో చెప్పనక్కరలేదు.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఈ విషయాన్ని స్పష్టం చేస్తోంది. ఆర్.సి.లో ఉన్న వివరాలు తయారీదారు మొదట నిర్ణయించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు.

అయితే అన్ని తలుపులూ మూసివేయలేదు. ఇంజను పాడైతే అదే కంపెనీ, అదే రకం ఇంజను రవాణా శాఖ అనుమతితో వేసుకోవచ్చు. ఇంధనం మార్చుకోదలచినవారికి సి.ఎన్.జి., ఎల్.పి.జి., బ్యాటరీ వంటి వాటికి ఆమోదం పొందిన కిట్లు అమర్చుకునే వీలుంది. మార్పు జరిగిన 14 రోజుల్లోగా ఆర్.సి. దాఖలు చేసి వివరాలు నమోదు చేయించుకోవాలి. జీపులో ఏ వ్యాను ఇంజనో, ట్రాక్టరు ఇంజనో పెట్టడం మాత్రం ఈ మినహాయింపుల కిందికి రాదు.

"ఇన్నేళ్లు ఎవరూ పట్టుకోలేదు" అనేవారున్నారు. పట్టుకునే రోజు ఒకటి వస్తుంది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఈ రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. ఆ తనిఖీలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు మొదట చూసేది ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు. ఆర్.సి.లో ఒకటి, ఇంజను మీద మరొకటి ఉంటే అక్కడితో పని ఆగిపోతుంది.

ఇన్సూరెన్సు సంగతి ఇంతకంటే బరువైనది. పాలసీలోనూ ఇంజను నంబరు, ఇంధనం రకం ఉంటాయి. ప్రమాదం జరిగాక సర్వేయరు వచ్చి తేడా కనిపెడితే సొంత నష్టానికి వేసిన క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. బండిలో ఉన్నవారికో, ఎదుటివారికో దెబ్బ తగిలి వ్యవహారం కోర్టుకెక్కితే భారం యజమాని నెత్తిన పడే ప్రమాదమూ ఉంది. చమురులో నెలకు నాలుగు వేలు మిగుల్చుకోబోయి ఎకరం పొలం అమ్ముకోవలసి వస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే.

పాత ఇంజను కొనేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. అది ఏ బండిలోనిదో, ఎవరు అమ్మారో తెలిపే బిల్లు లేకుండా కొంటే, దొంగ బండి ఇంజను అయినపుడు పోలీసు కేసు కొన్నవారి ఇంటికే వస్తుంది.

మరి దారేమిటి?

నెలంతా తిరిగే పెట్రోలు బండికి సి.ఎన్.జి. కిట్ ఆలోచించదగినది. విజయవాడ పరిసరాల్లో ఈ గ్యాసు ఏళ్ల తరబడి దొరుకుతోంది. అయితే ఆ కిట్ తమ బండి మోడలుకు ఆమోదం పొందినదేనా, అమర్చే దుకాణానికి అనుమతి ఉందా అని ముందుగా విచారించుకోవాలి. సిలిండరును మూడేళ్లకొకసారి పరీక్ష చేయించాలి. తమ ఊరికి బంకు ఎంత దూరమో కూడా లెక్క చూసుకోవాలి. గ్యాసు కోసం పాతిక కిలోమీటర్లు పోయి రావలసి వస్తే మిగిలేది దారిలోనే ఖర్చవుతుంది.

అంతకంటే ముందు, ఉన్న ఇంజనును బాగు చేయించి చూడాలి. కార్బురేటరు శుభ్రం, ప్లగ్గులు, టైమింగు, చక్రాన్ని పట్టి ఉంచే బ్రేకు, టైర్లలో గాలి సరిచూస్తే చాలా బండ్లు లీటరుకు ఒకటి రెండు కిలోమీటర్లు అదనంగా ఇస్తాయి. తొమ్మిది పది అయితేనే వెయ్యి కిలోమీటర్లకు 1,200 రూపాయలు మిగులుతాయి. దీనికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రవాణా శాఖ కూడా తన వంతు చేయాలి. తనిఖీలో పట్టుకుని జరిమానా వేయడం తేలిక. ఏ బండికి ఏ కిట్ వేసుకోవచ్చు, రుసుమెంత, ఏ కాగితాలు కావాలి అన్నది తెలుగులో ముద్రించి మండల కార్యాలయాల్లో, పంచాయతీ బోర్డుల మీద అంటించడం అంతకంటే మేలు. ఇప్పటికే తెలియక ఇంజను మార్పించుకున్నవారు ఏం చేయాలో కూడా చెప్పాలి. యజమానులు సైతం మెకానిక్కుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్.సి. పట్టుకుని రవాణా శాఖ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి రావడం మంచిది.