ఎండ ఉంది, గాలి ఉంది.. కరెంటును మోసుకెళ్లే లైన్లేవి?

2025లో రాజస్థాన్‌లోని సోలార్ ప్లాంట్లకు ఒక విచిత్రమైన ఆదేశం పదే పదే వచ్చింది. ఎండ మండిపోయే మధ్యాహ్నం వేళ ఉత్పత్తి తగ్గించమని! ప్యానెళ్లు బాగానే ఉన్నాయి. కరెంటు అవసరమైన వాళ్లూ దేశంలో ఉన్నారు. లేనిదల్లా ఆ కరెంటును ఎడారి నుంచి బయటకు తీసుకెళ్లే లైన్లే. వేల మెగావాట్ల ప్లాంట్లు పట్టపగలు పూర్తిగానో, కొంతమేరకో ఆగిపోవాల్సి వచ్చింది. ఇంధన ఖర్చు లేని కరెంటు అలా వృథా అవుతుంటే, సాయంత్రం కాగానే దేశం మళ్లీ బొగ్గు కాల్చి దీపాలు వెలిగించుకుంది.

ఇదేదో రాజస్థాన్ గొడవలే అని వదిలేయడానికి లేదు. కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప జిల్లాల్లో సోలార్ పార్కులు, గాలిమరలు పెరుగుతున్నాయి. వాటితో పాటే పొలాల మీదుగా పెద్ద పెద్ద టవర్లూ వస్తున్నాయి. ఆ పొలాలున్న కుటుంబాలకు, నెలనెలా బిల్లు కట్టే కుటుంబాలకు కూడా ఇది సొంత విషయమే.

లక్ష్యం పెద్దది, దారి ఇరుకు

2030 నాటికి బొగ్గు, గ్యాస్ లాంటి ఇంధనాలతో పనిలేని విద్యుత్ సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు, అంటే 5 లక్షల మెగావాట్లకు చేరుస్తామని 2021 నవంబర్‌లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ ప్రకటించింది. ప్లాంట్ల నిర్మాణం వరకు చూస్తే ప్రగతి బాగానే ఉంది. 2025 మధ్య నాటికి దేశంలోని మొత్తం విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గేతర వనరులదే అయింది. కానీ వాస్తవంగా ఉత్పత్తయ్యే కరెంటులో సుమారు 70 శాతం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. సామర్థ్యం వేరు, ఇంటికి చేరే యూనిట్ వేరు.

ఈ తేడాకు మొదటి కారణం ప్రకృతిలోనే ఉంది. ఎండ రోజుకు కొన్ని గంటలే, గాలి కొన్ని నెలలే బలంగా ఉంటాయి. రెండో కారణం దూరం. సింగరేణి బొగ్గును రైలెక్కించి ముద్దనూరు థర్మల్ ప్లాంటుకు తేవచ్చు. ఎండను రైలెక్కించలేం. ఎండ ఎక్కడ బాగా కాస్తే అక్కడే ప్లాంట్ పెట్టాలి, అక్కడి నుంచి లైన్ వేయాలి. పైగా సోలార్ ప్లాంటును ఏడాది, ఏడాదిన్నరలో కట్టేయొచ్చు. వందల కిలోమీటర్ల హైటెన్షన్ లైన్‌కు మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. సర్వే, అటవీ అనుమతులు, రైతులతో చర్చలు, కోర్టు కేసులు.. ఏ ఒక్కటి ఆగినా లైన్ మొత్తం ఆగుతుంది. మధ్యలో రెండు టవర్లు లేకపోతే మిగతా రెండు వందల టవర్లు ఉన్నా లేనట్టే.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబర్‌లో 500 గిగావాట్ల లక్ష్యం కోసం ప్రత్యేకంగా ఒక ప్రణాళిక ఇచ్చింది. సుమారు 51 వేల సర్క్యూట్ కిలోమీటర్ల లైన్లు, 2.44 లక్షల కోట్ల రూపాయల ఖర్చు అని అందులో అంచనా వేశారు. 2024 అక్టోబర్‌లో విడుదలైన జాతీయ విద్యుత్ ప్రణాళిక ఇంకా పెద్ద లెక్క చెప్పింది. 2032 వరకు దేశం మొత్తం మీద 9.15 లక్షల కోట్ల రూపాయల పని. ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి కరెంటు పంపే సామర్థ్యాన్ని 119 గిగావాట్ల నుంచి 168 గిగావాట్లకు పెంచాలి. కాగితం మీద అంతా బాగుంది. క్షేత్రంలో చూస్తే 2024-25లో 15,253 సర్క్యూట్ కిలోమీటర్లు వేయాల్సి ఉండగా పూర్తయింది 8,830 మాత్రమే.

తెలుగువాళ్లకు ఇది పాత పాఠమే

లైన్ లేకపోతే ఏమవుతుందో తెలుగు రాష్ట్రాలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నప్పుడు దక్షిణాది చెక్కుచెదరలేదు. కారణం గొప్పతనం కాదు, ఒంటరితనం. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. కొన్ని డీసీ లింకులే ఆధారం. అదే ఒంటరితనం వల్ల ఆ రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గంటల కొద్దీ కోతలు పడ్డాయి. బయట కరెంటు ఉన్నా తెచ్చుకునే దారి చాల్లేదు.

2013 డిసెంబర్ 31న రాయచూర్ - షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణాది జాతీయ గ్రిడ్‌లో కలిసింది. ఆ తర్వాత వార్ధా నుంచి డిచ్‌పల్లి మీదుగా మహేశ్వరం వరకు వచ్చిన లైన్ తెలంగాణకు ఊపిరి పోసింది. రాష్ట్రం ఏర్పడినప్పుడు కరెంటు కోసం వెతుక్కున్న చోట 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల సరఫరా మొదలైంది. 2023లో మహారాష్ట్రలోని వరోరా నుంచి వరంగల్, హైదరాబాద్ మీదుగా కర్నూలు వరకు మరో 765 కేవీ వ్యవస్థ పూర్తయింది.

అప్పట్లో ఈ లైన్ల పని బయటి కరెంటును ఇక్కడికి తేవడం. ఇప్పుడు రాయలసీమ ఎండనూ గాలినీ బయటకు పంపడం కూడా వాటి పనే. కర్నూలు దగ్గర గని - శకునాల ప్రాంతంలో సుమారు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయినప్పుడు ప్రపంచంలోని అతి పెద్ద పార్కుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. కదిరి వైపు ఎన్పీ కుంటలో మరొకటి ఉంది. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు చేపట్టారు. పగటి కరెంటుతో నీళ్లను పై జలాశయానికి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి ఇది.

ఆ నిల్వ ఎందుకో ఇళ్లలో అందరికీ తెలిసిన లెక్కే. రంజాన్‌లో సహరీకి లేచేసరికి సూర్యుడు ఉండడు. ఇఫ్తార్ తర్వాత బజార్లు వెలిగేసరికి మళ్లీ ఉండడు. కరెంటు ఎక్కువగా కావాల్సిన సాయంత్రం వేళే సోలార్ చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆదుకునేది నిల్వ చేసిన కరెంటో, వేరే రాష్ట్రంలో వీచే గాలో, జలవిద్యుత్తో. ఏది రావాలన్నా లైన్ మీదుగానే రావాలి.

టవర్ కింద భూమి ఎవరిది?

ఈ కథలో అందరికంటే ఎక్కువ భారం మోసేది టవర్ పడిన పొలం యజమాని. 2003 విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ కింద లైన్లు వేసే సంస్థలకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారాలు ఇస్తున్నారు. దాని ప్రకారం భూమిని సేకరించరు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. కానీ తీగల కింద ఇల్లు కట్టకూడదు, ఎత్తుగా పెరిగే చెట్లు పెంచకూడదు. అమ్ముదామంటే ధర పడిపోతుంది. 400 కేవీ లైన్ కింద సుమారు 46 మీటర్ల వెడల్పు, 765 కేవీ లైన్ కింద 67 మీటర్ల దాకా ఈ ఆంక్షల్లోకి వస్తుంది. 67 మీటర్ల వెడల్పుతో లైన్ వంద మీటర్ల దూరం పొలాన్ని దాటిందంటే ఎకరంన్నరకు పైగా నేల దాని నీడలోకి వెళ్లినట్టే. మూడెకరాల రైతుకు ఇది చిన్న విషయం కాదు.

2015 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో టవర్ కాళ్ల మధ్య ఉన్న నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కింది నేలకు గరిష్ఠంగా 15 శాతం పరిహారం ఉండేది. రైతుల నిరసనలు, ఆగిపోయిన లైన్లు చూశాక 2024 జూన్‌లో దాన్ని మార్చారు. టవర్ నేలకు విలువకు రెట్టింపు, తీగల కింది నేలకు 30 శాతం. 2025 మార్చిలో తీగల కింది నేలకు పట్టణాల్లో 45 శాతం, మహానగరాల్లో 60 శాతం అన్నారు. మంచి మార్పే. అయితే ఇవి మార్గదర్శకాలు. రాష్ట్రం ఉత్తర్వులు ఇచ్చి అమలు చేస్తేనే రైతు చేతికి డబ్బు వస్తుంది. రిజిస్ట్రేషన్ విలువ ఒకటి, బజారు ధర మరొకటి ఉన్న చోట ఏది లెక్క అన్నది అసలు పేచీ.

ఇంకో చిక్కు ఇంట్లోనే ఉంటుంది. చాలా కుటుంబాల్లో భూమి ఇంకా తాత పేరు మీదే నడుస్తుంటుంది. వారసుల్లో ఒకరు గల్ఫ్‌లో, ఒకరు హైదరాబాద్‌లో ఉంటారు. అక్కచెల్లెళ్ల వాటా మాట వరకే ఉంటుంది, రికార్డులోకి ఎక్కదు. పరిహారం వచ్చే రోజున చూసేది రికార్డులో పేరునే. కౌలు రైతుకైతే పంట నష్టం దక్కాలన్నా సాగు చేస్తున్నట్టు రుజువు కావాలి. వక్ఫ్, ఇనాం భూముల్లో సాగు చేసుకునే వాళ్లకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందుకే సర్వే బృందం రాకముందే వారసత్వ మార్పిడి చేయించుకోవడం, పొలం కొలతలు వేయించడం, చెట్లు, బోరు, పంట ఫొటోలు తీసి పెట్టుకోవడం, పంచనామా కాపీ అడిగి తీసుకోవడం మేలు. పరిహారం చాలదనిపిస్తే జిల్లా జడ్జిని ఆశ్రయించే హక్కు 1885 చట్టంలోనే ఉంది. ఆ సంగతి తెలియక చాలామంది ఇచ్చిందే పుచ్చుకుంటున్నారు.

నష్టం మనుషులకే పరిమితం కాదు. బట్టమేక పిట్ట తీగలు సరిగా కనపడక ఢీకొని చనిపోతోందని 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో లైన్లను భూమి కిందికి మార్చాలంది. 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీ వేసింది. ఒకప్పుడు ఈ పిట్టకు నంద్యాల జిల్లా రోళ్లపాడు ఆవాసం. ఇప్పుడు అక్కడ కనిపించడమే గగనం.

బిల్లు చివరికి ఎవరికి?

లక్షల కోట్ల లైన్ల ఖర్చు ఎక్కడికీ పోదు. ట్రాన్స్‌మిషన్ చార్జీల రూపంలో రాష్ట్రాల మీద, అక్కడి నుంచి డిస్కంల ద్వారా ఇంటి బిల్లు మీద పడుతుంది. 2025 జూన్ 30లోపు మొదలైన సోలార్, పవన ప్లాంట్ల కరెంటుకు అంతర్రాష్ట్ర లైన్ల చార్జీలు పూర్తిగా మాఫీ చేశారు. ఆ తర్వాత వచ్చిన వాటికి ఏడాదికి 25 శాతం చొప్పున చార్జీ పెరుగుతూ పోతుంది.

అలాగని లైన్లు వేయకపోతే డబ్బు మిగులుతుందా? మిగలదు. పవర్ ఎక్స్ఛేంజీలో మధ్యాహ్నం చవగ్గా దొరికే యూనిట్ సాయంత్రానికి గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకిన రోజులున్నాయి. చవక కరెంటును రాష్ట్రం అందుకోలేకపోతే ఖరీదైనది కొని, ఆ తేడాను సర్దుబాటు చార్జీలుగా జనం మీదే వేస్తుంది. టైలరింగ్ మిషన్ మీదనో, వెల్డింగ్ షాపు మీదనో బతికే ఇంటికి ఆ చార్జీ బరువు ఏమిటో తెలుసు.

కాబట్టి లైన్లు కావాలా వద్దా అన్న చర్చలో అర్థం లేదు. ఎలా వేయాలన్నదే ప్రశ్న. ప్లాంటుకు టెండర్ పిలవడానికి ముందే లైన్ పని మొదలవ్వాలి. ఉన్న లైన్లకే ఎక్కువ కరెంటు మోసే కొత్త తీగలు మారిస్తే కొత్త టవర్ల అవసరం కొంత తగ్గుతుంది. ఉత్పత్తి చోటే బ్యాటరీలు పెడితే మధ్యాహ్నం రద్దీ సాయంత్రానికి మళ్లుతుంది. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం ఇస్తున్న 78 వేల రూపాయల దాకా సబ్సిడీని వాడుకుంటే, ఆ కరెంటుకు హైటెన్షన్ లైనే అక్కర్లేదు. ఊళ్లలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే యువకులకు టవర్, సబ్‌స్టేషన్ పనుల్లో శిక్షణ ఇచ్చి తీసుకుంటే లైన్ మీద ఊరికి ఉన్న కోపం సగం తగ్గుతుంది.

రైతుకు న్యాయమైన ధర ఇవ్వడాన్ని అదనపు ఖర్చుగా చూసినన్నాళ్లూ లైన్లు కోర్టుల్లో ఆగుతూనే ఉంటాయి. ఆగిన ప్రతి నెలా ప్లాంట్ల దగ్గర కరెంటు వృథా అవుతుంది, బొగ్గు కాలుతుంది, బిల్లు పెరుగుతుంది. పరిహారం ముందే, సరిగ్గా చెల్లించడమే అన్నిటికంటే చవకైన దారి.